వల్లి తూచిన రాయి

మా అక్క కూతురు ఈ మధ్యే సైన్స్ టీచర్‌గా చేరింది. మొన్న ఆదివారం మణవాళనగర్‌లో మా ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు చేతికిచ్చీ ఇవ్వకముందే అడిగింది.

"చిన్నమ్మా, పదో క్లాసు ప్రాక్టికల్‌కు నన్ను పక్క బడికి ఎక్స్‌టర్నల్‌గా ఏసినారు. యాడ విన్నా అందరికీ ఫుల్ మార్కు ఏసేదే వాడిక అంటా ఉండారు. నేనూ ఏసేసి వచ్చేస్తే సరి గదా?"

నేను రిటైరయ్యాను గానీ నా కోపం రిటైర్ కాలేదు. నోరు తెరిస్తే ఆ పిల్ల కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోతుందని ఊరుకున్నాను. చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను, ఆమెతో పాటు కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళెవరైనా చదువుకోవచ్చు. ఏ ఏడు ఏ బడిలో పనిచేశాను, ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చింది అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి వింటే మా ఆయనకే ఆవలింతలొస్తాయి. తిరుత్తణి బడిలో నా సర్వీసు చివరి రోజుల్లో వల్లి అనే పిల్లకు ప్రాక్టికల్ పరీక్ష పెట్టించడానికి పడ్డ పాట్లు మాత్రం చెబుతాను. పరీక్ష అన్నది ఎందుకు పెడతారో నాకు ఒంటికి పట్టేలా తెలిసింది అప్పుడే.

అందరికీ ఫుల్

తెలియనివాళ్ళ కోసం ముందు వాడిక చెప్పాలి. పదో క్లాసు సైన్స్‌లో రాతపరీక్ష కాక ప్రాక్టికల్‌కు ఇరవై అయిదు మార్కులు. మన పిల్లలకు పరీక్ష పెట్టడానికి వేరే బడి టీచర్ వస్తాడు, ఆయనే ఎక్స్‌టర్నల్. మనం ఇంకో బడికి వెళ్తాం. నువ్వు మా పిల్లలకు ఫుల్ వెయ్యి, మేము మీ పిల్లలకు ఫుల్ వేస్తాం. ఈ మాట ఎవరూ పైకి అనరు, అనే అవసరం ఎప్పుడూ రాలేదు. పొద్దున ఇడ్లీ వడ, మధ్యాహ్నం ఆకు వేసి సాంబారు, రసం, పాయసం. మధ్యలో పిల్లలు వరసగా వచ్చి, ముందే బట్టీ పట్టిన జవాబు కాగితం మీద రాసి వెళ్ళిపోతారు. గాజు సామాను కడగాల్సిన పని కూడా ఉండదు. ఆ వడలు నేనూ తిన్నాను, బాగానే ఉండేవి.

దీన్ని అందరూ దయ అంటారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు చేసే దయ ఇది. చేతులతో చక్కగా పనిచేసే పిల్లకూ, గాజు గొట్టం ముట్టుకోవడానికి భయపడే పిల్లకూ ఒకే మార్కు. మొదటి పిల్లకు తనకు వచ్చని తెలియదు, రెండో పిల్లకు తనకు రాదని తెలియదు. అందరికీ సమానంగా మార్కులు పడ్డాయంటే అందరినీ సమానంగా చూశారని కాదు. ఎవరి వంకా చూడలేదని.

ఏది మిస్?

వల్లి మా బడిలో తొమ్మిదో క్లాసులో చేరింది. వాళ్ళ నాయన మునిరత్నానికి తిరుత్తణి బజారులో మళిగ కొట్టు. పప్పులు, ఉప్పులు, కొండ మీది మురుగన్ గుడికి వెళ్ళేవాళ్ళకు కర్పూరం అమ్ముతాడు. వల్లికి పుట్టినప్పటి నుంచి చూపు లేదు. వెలుతురూ నీడా మాత్రం తెలుస్తాయి.

ముందు బెంచీలో కూర్చునేది. నేను బోర్డు మీద బొమ్మ గీసి "ఇదిగో ఇక్కడ చూడండి" అంటే వెంటనే "ఏది మిస్?" అనేది. వెటకారం కాదు, నిజంగానే అడిగేది. ఆ ప్రశ్న పుణ్యమా అని ప్రతి బొమ్మనూ మాటల్లో చెప్పడం నాకు అలవాటైంది. ఎడమ పక్క బ్యాటరీ, దాని తల నుంచి తీగ బయలుదేరి కుడి పక్కకు పోయి బల్బును పట్టుకుంది, ఇలా. అలా చెప్పడం మొదలుపెట్టిన తరువాత కళ్ళున్న పిల్లలు కూడా పరీక్షలో బొమ్మలు సరిగ్గా వేయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా వాళ్ళు బోర్డు వైపు చూశారు గానీ అక్కడేముందో చూడలేదని నాకు అర్థమైంది.

పదో క్లాసు మొదట్లో ఒకరోజు వల్లి స్టాఫ్ రూముకు వచ్చింది.

"మిస్, నాకు ప్రాక్టికల్ లేదంట గదా?"

"అవును. చూపు లేనివాళ్ళకు మినహాయింపు ఉంది. నువ్వు ఆ పరీక్ష రాయక్కర్లేదు."

"ఎవురు అడిగినారు మిస్?"

ఎవరూ అడగలేదు. మినహాయింపు మంచి ఏర్పాటే, అది కావలసిన పిల్లలున్నారు. మా బడిలో మాత్రం కావాలా వద్దా అని అడగకుండానే ఇచ్చేసేవాళ్ళు.

"నాకు పదకొండులో సైన్స్ గ్రూపు కావాల మిస్. మా వీధిలో చెయ్యి సరిలేని అక్క ఒకామె ఉండాది. ఆమెకూ పదిలో ఇట్లే వద్దులే అని చెప్పినారు. పదకొండుకు పోతే, ప్రాక్టికల్ చెయ్యని పిల్లను ల్యాబులోకి ఎట్ల చేర్చుకునేది అని చెప్పి హిస్టరీ గ్రూపులో ఏసేసినారు. ఆమె ఏడ్సినాది. నేను ఏడ్సను మిస్, ముందే చెప్తా ఉండా."

చెప్పేసి గుమ్మం తడుముకుంటూ వెళ్ళిపోయింది. పదిలో పాపం అని వదిలేస్తాం, వదిలేశాం కనుక పదకొండులో పనికిరావంటాం. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడం ఎంత నాజూకుగా జరుగుతుందో అన్నేళ్ళలో నేను గమనించనే లేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ అరక్కోణంలో రైలుబండి మారేదాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

హెచ్చెమ్ గదిలో

మా హెచ్చెమ్ తమిళాయన, మాతో సగం తెలుగు కలిపి మాట్లాడేవారు. చెడ్డవాడు కాదు. ఎక్కడ ఏ అద్దం పగిలినా తన ఉద్యోగం మీదకే వస్తుందని భయపడే మనిషి.

"ఎదుక్కు మేడమ్ వంబు?" అన్నారు, ఎందుకమ్మా లేనిపోని గొడవ అని. "ఆసిడ్ ఒంటి మీద పడితే పేపర్లో ఫోటో ఎవరిది వస్తుంది? మీది కాదు, నాది."

"ఆసిడ్ అక్కర్లేకుండా చేయిస్తాను సార్. వల్లి ప్రాక్టికల్ చేసి చూపిస్తే సైన్స్ గ్రూపు ఇస్తారా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "నిజంగా చేస్తే ఇస్తాను. మీరు ఎక్స్‌టర్నల్‌తో చెప్పి ఫుల్ మార్క్ వేయించి తెచ్చి చూపిస్తే మాత్రం నమ్మను. మన ఫుల్ మార్క్ సంగతి నాకు తెలియదా?"

బయటికొచ్చి ఆయనను మనసులో నాలుగు తిట్టాను. ఇంటికి చేరేసరికి ఆ మాటలోని న్యాయం తలకెక్కింది. మేము ఏళ్ళ తరబడి దానం చేసిన మార్కులను మా బడి హెచ్చెమే నమ్మడం లేదు. వల్లికి పనికొచ్చే మార్కు కావాలంటే అది నిజం మార్కు కావాలి. ఆమె ఒక్కదానికి నిజం మార్కు వేసి మిగతావాళ్ళకు దానం చేస్తే అది ఇంకా పెద్ద అన్యాయం. అంటే పరీక్ష అందరికీ నిజంగా జరగాలి. ఒక పిల్ల సంగతి చూద్దామని వెళ్ళి బడి మొత్తాన్ని నెత్తికెత్తుకున్నాను.

మునిరత్నం కూడా వచ్చాడు, చేతిలో తుండుగుడ్డ నలుపుతూ.

"టీచరమ్మా, పాపం దానికెందుకు ఈ కష్టం. పాసైతే చాలు. తరువాత కొట్లో కూర్చుంటాది. నేను ఉండా గదా."

"నాయినా, పాపం అనొద్దు," అంది వల్లి పక్క నుంచి.

ఆయన తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. "సరి టీచరమ్మా, మీ ఇష్టం. యాడన్నా కాలితే మాత్రం నాకు ఫోన్ చెయ్యండి."

కళ్ళు ఎక్కడ కావాలి

నేనూ వల్లీ కూర్చుని ప్రయోగాలన్నీ ఒక్కొక్కటిగా తీశాం. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న వేసుకున్నాం. ఇందులో పరీక్షించేది ఏమిటి, దానికి కళ్ళు నిజంగా కావాలా? కొత్తగా చేరేవాళ్ళు ఈ ప్రశ్న మరవకండి. నా సర్వీసులో నేను వేసుకున్న మంచి ప్రశ్నల్లో ఇదొకటి.

ల్యాబులో ఇచ్చే ఉప్పు, అంటే ఏదో ఒక లవణం, నీళ్ళలో కరిగితే నీళ్ళు వేడెక్కుతాయా చల్లబడతాయా అన్నది ఒక ప్రయోగం. దానికి స్టీలు గ్లాసు చుట్టూ అరచేయి చాలు. ఆసిడ్ సీసా బదులు నిమ్మరసం, సున్నపు తేట పెట్టి, ఆమ్లమా క్షారమా అన్నదానికి రంగు కాగితం బదులు ఉల్లిపాయ ముక్కలతో నానబెట్టిన గుడ్డపేలిక. క్షారం తగిలితే ఉల్లి వాసన పోతుంది, ఆమ్లం తగిలితే ఉంటుంది. పువ్వు భాగాలకు మందార పువ్వు, పది వేళ్ళు.

కటకం దగ్గర ఇబ్బంది వచ్చింది. కటకానికి ఎంత దూరంలో వెలుగు ఒక చుక్కగా కూడుతుందో కొలవాలి. మామూలుగా కిటికీ బయటి చెట్టు బొమ్మ కాగితం మీద పడేలా చేసి కొలుస్తారు. వల్లికి బొమ్మ కనబడదు. తిరుత్తణి ఎండ ఉండగా బొమ్మ ఎందుకు? టిఫిన్ డబ్బా మూతకు మసి పూసి, చిన్న కటకం కింద పట్టి, మూత వెనక వేలు ఆనించమన్నాను. మూతను పైకీ కిందకీ జరుపుతుంటే ఒక చోట వేలికి సుర్రుమంటుంది. అదే చోటు. ముందు నా వేలి మీద చేసి చూసుకున్నాను, అదీ మూత లేకుండా, తెలివి ఎక్కువై. వారం రోజులు ఆ వేలికి ఆవనూనె రాసుకుంటూ తిరిగాను. మా ఆయన "సైన్స్ బాగా వచ్చిందా" అని రోజూ అడిగేవాడు.

ఇక తూకం. మీటరు స్కేలును మధ్యలో దారం కట్టి వేలాడదీసి, ఒక పక్క తెలిసిన బరువు, ఇంకో పక్క తెలియని రాయి కట్టి, సరిసమానంగా నిలిచేదాకా జరపాలి. దూరాలు కొలిచి లెక్క కడితే రాయి బరువు తెలుస్తుంది. వడ్రంగి దగ్గర స్కేలు అంచుకు గాట్లు పెట్టించాం, అయిదింటికొకటి లోతుగా. చివర్ల కింద రెండు సమానమైన చెక్క దిమ్మెలు పెట్టి, వాటి మీద చూపుడు వేళ్ళు ఆనించి, స్కేలు ఎటు వాలిందో వల్లి పట్టేసేది. మరమగ్గాల ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఆ గాట్ల స్కేలు చూసి మాకూ కావాలని గొడవ పెట్టారు. కన్ను వంకరగా పెట్టి తప్పు కొలిచే బాధ వాళ్ళకూ తప్పింది. చివరికి అందరికీ గాట్ల స్కేళ్ళే చేయించాం.

ఇంకో విచిత్రం చెప్పాలి. గ్లాసులో నీళ్ళను చల్లబరిచే నవాసారం వేయకముందే పిల్లలు "చల్లబడింది మిస్" అని రాసేసేవాళ్ళు. బట్టీ. వల్లి మాత్రం గ్లాసు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎదురుచూసేది. ఒకరోజు పేరు రాయని పొట్లాల్లో నీళ్ళను వేడెక్కించే వేరే ఉప్పు పెట్టాను. గ్లాసు చేతిలో వేడెక్కుతుంటే కూడా క్లాసులో చాలామంది చల్లబడిందనే రాశారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రోజు నుంచి మా బడిలో ఏ పొట్లం మీదా పేరు ఉండకూడదని పెట్టేశాను.

సుగుణ మేడమ్ ప్రశ్న

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టయింది నా పరిస్థితి. బయాలజీ చెప్పే సుగుణ నాకు మంచి స్నేహితురాలు, డబ్బాలో సగం టమోటా అన్నం నాకే పెట్టేది. ఆమే మొదట నిలదీసింది.

"అక్కా, పక్క బళ్ళలో అందరికీ ఫుల్ ఏస్తారు. మన పిల్లలు నిజంగా చేసి తక్కువ తెచ్చుకుంటే వాళ్ళ గతి ఏంది? నీ పిల్ల ఒకదాని కోసం నా పిల్లల మార్కులు తెగ్గోసేది న్యాయమా?"

కొన్ని రోజులు నిద్ర సరిగా పట్టలేదు. ఆమె అడిగినదాంట్లో తప్పులేదు. నిజం మాట్లాడేవాడికి శిక్ష పడేటట్టయితే నిజం మాట్లాడమని పిల్లలకు ఏ ముఖం పెట్టుకుని చెబుతాం? దానికి నాకు దొరికిన దారి ఒకటే. మార్కు తగ్గించకూడదు, పనితనం పెంచాలి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ప్రాక్టికల్. ఒక్కొక్కరే చేయాలి. మార్కు చెప్పం, ఎక్కడ తప్పు జరిగిందో చెబుతాం. వచ్చే శుక్రవారం అదే మళ్ళీ చేయాలి. వచ్చేదాకా చేయాలి.

మొదటి నెల గోల గోలగా ఉండింది. గ్లాసులు పగిలాయి, హెచ్చెమ్ తలుపు దగ్గర నిలబడి నిట్టూర్చారు. ఇల్లు అలకగానే పండగ కాదు గదా. తరువాత తరువాత పిల్లల చేతులు కుదురుకున్నాయి. రాతపరీక్షలో నాలుగు వాక్యాలు రాయలేని పిల్లలు కొందరు దారం ముడి వేయడంలో, బరువు సరిచూడటంలో అందరినీ మించిపోయారు. వాళ్ళకు సైన్స్ రాదని మేమే ఇన్నాళ్ళూ నమ్మించాం. సుగుణ అది కళ్ళారా చూసింది.

"సరి అక్కా, కానీ," అంది. "ఏ పిల్లకన్నా మార్కు తగ్గితే వాళ్ళ అమ్మకు జవాబు నువ్వే చెప్పుకోవాల. నేను చెప్పను."

పరీక్ష రోజు

ఎక్స్‌టర్నల్‌గా ఎవరొస్తారో మన చేతిలో ఉండదు. ఆ ఏడు ఏకాంబరం సార్ వచ్చారు. తిరువళ్ళూరు వైపు బడిలో ఫిజిక్స్ చెప్పే మనిషి. ఎవరి బడికి వెళ్ళినా ఆకు భోజనం తినరు, సొంతంగా పెరుగన్నం తెచ్చుకుంటారు. ఆయన పేరు వినగానే హెచ్చెమ్ తల పట్టుకున్నారు. నేను మాత్రం కొండ వైపు తిరిగి మురుగనికి దండం పెట్టుకున్నాను.

వల్లి వంతు వచ్చినప్పుడు ఆయన నా వైపు చూసి, "ఈ పాపకు మినహాయింపు లేదా?" అన్నారు.

"ఉంది సార్. తనే వద్దంది."

"సరే. అందరిలాగే చీటీ తియ్యమనండి."

వల్లి తీసిన మొదటి చీటీలో రాయి తూకం వచ్చింది. మేము పెట్టిన రాళ్ళను ఆయన పక్కకు తోసి, బయట గేటు దగ్గరికి నడిచి వెళ్ళి, నేల మీది రాయి ఒకటి ఏరుకొచ్చి బల్ల మీద పెట్టారు. ఆ రాయి బరువు మాకెవరికీ తెలియదు.

వల్లి దారం కట్టింది, రాయి కట్టింది, బరువు జరిపింది. దిమ్మెల మీద వేళ్ళు ఆనించి, తల కొంచెం పక్కకు వాల్చి, అటూ ఇటూ సర్దింది. గాట్లు లెక్కబెట్టుకుని, లెక్క నోటితోనే కట్టి బరువు చెప్పింది. ఏకాంబరం సార్ రాయిని తీసుకెళ్ళి మూలనున్న ఎలక్ట్రానిక్ తక్కెడ మీద పెట్టి చూశారు. ముఖంలో ఏమీ తెలియలేదు. ఏదో రాసుకున్నారు. మిగతా చీటీల్లో వచ్చిన ఉల్లి గుడ్డ పనీ పువ్వు పనీ వల్లి తొణక్కుండా చేసింది. అయిపోయాక అక్కడి నుంచి కదల్లేదు.

"సార్, రాయి బరువు సరిగా వచ్చినాదా?"

"మార్కు చెప్పకూడదు పాపా."

"మార్కు వద్దు సార్. తప్పుంటే అది చెప్పండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అందరిదీ కానీ. అంతదాకా కూర్చో," అన్నారు.

ఆఖరి పిల్ల వెళ్ళిపోయి, కాగితాలు కట్టేసిన తరువాత ఆయన వల్లిని పిలిచారు.

"రాయి కట్టకముందు వట్టి స్కేలును వేలాడదీసి చూసుకున్నావా?"

వల్లి ఆలోచించింది. "లేదు సార్."

"మీ నాయన ఏం చేస్తాడు?"

"మళిగ కొట్టు సార్."

"పప్పు తూచే ముందు తక్కెడ సున్నాలో ఉందా లేదా అని చూస్తాడా?"

వల్లి నుదురు కొట్టుకుంది. "చూస్తాడు సార్. చూడకుంటే మా అమ్మ తిడ్తాది."

దారం నడిమి గాటు నుంచి కొంచెం పక్కకు జరిగి ఉంది. వట్టి స్కేలు ఒక వైపుకు వాలి ఉంది, దాని మీదే తూచేసింది. వల్లి ఎవరూ చెప్పకుండానే రాయి విప్పింది. వట్టి స్కేలును వేలాడదీసింది, దారం జరిపి జరిపి సరిచేసింది, మళ్ళీ మొదటి నుంచి చేసింది. ఏకాంబరం సార్ ఎక్కవలసిన బండి కూత వేసి వెళ్ళిపోయింది. ఆయన లేవలేదు.

వల్లి కొత్త లెక్క చెప్పింది. ఆయన తన కాగితం చూసుకుని, "ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నారు. "మార్కు మాత్రం మార్చను."

"తెలుసు సార్," అంది వల్లి. ఆ మొహంలో వెలుగు నేను ఏ ఫస్ట్ ర్యాంకు పిల్ల మొహంలోనూ చూడలేదు.

వరండాలోకి రాగానే నా చెయ్యి పట్టుకుంది. "మిస్, సార్ నాకు తప్పు ఏసినారు మిస్. ఇంతవరకు పరీక్షలో నాకు ఎవురూ తప్పు ఎయ్యలే. మీరు గాక అంతా 'సరి సరి, బాగుండాది' అనేవాళ్ళే. ఏమి రాసినా బాగుండాదంటే నాకు ఏం తెలుస్తాది మిస్?"

నేను అక్కడే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. దాచడానికి ఏముంది, సంతోషం పట్టలేక ఏడ్చాను. గేటు దగ్గర పొద్దుటి నుంచి నిలబడి ఉన్న మునిరత్నం పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది టీచరమ్మా, కాలిందా?"

"లేదు నాయినా, తప్పు ఏసినారు," అంది వల్లి నవ్వుతూ. ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఒకరు నవ్వుతున్నారు, ఒకరు ఏడుస్తున్నారు. పాపం, ఆయనకు ఏ ముక్కా అర్థం కాలేదు.

మార్కుల కాగితం

ఫలితాలొచ్చాయి. క్లాసులో ఎక్కువమందికి ఫుల్ మార్కులే వచ్చాయి. అవి ఎవరూ దానం చేసినవి కావు. కొందరికి ఒకటీ రెండూ తగ్గాయి. ఒక తల్లి వచ్చి ఎందుకు తగ్గిందని అడిగితే, జవాబు చెప్పనన్న సుగుణే ఆమెను కూర్చోబెట్టి, పిల్ల ఏం చేసిందో ఏం మరిచిపోయిందో విడమరిచి చెప్పింది. నేను పక్క గదిలో నుంచి విని నవ్వుకున్నాను. ఆ తల్లి చివరికి "మా పిల్లకు ఇంత వచ్చునని నాకు తెలియదు" అని చెప్పి వెళ్ళింది. పరీక్ష ఎందుకు పెడతారని ఎవరైనా అడిగితే నేను ఆ మాటే చెబుతాను.

పదకొండో క్లాసు అడ్మిషన్ల రోజు వల్లినీ మునిరత్నాన్నీ వెంటబెట్టుకుని హెచ్చెమ్ గదికి వెళ్ళాను. ఆయన మార్కుల కాగితం చేతిలోకి తీసుకున్నారు. ప్రాక్టికల్ దగ్గర వేలు ఆగింది. ఇరవై రెండు.

ఆ అంకె మీద వేలు అలాగే ఉంచి అడిగారు. "ఏకాంబరం వేశాడా?"

"ఆయనే సార్."

"అయితే ఇది నిజం మార్కే," అన్నారు మెల్లగా. కాగితం బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసి, మళ్ళీ ఆగారు. భయం అంత సులువుగా పోతుందా. "పదకొండులో ప్రయోగాలు ఇంతకంటే కష్టం మేడమ్. రెండేళ్ళు. పాపం, ఈ పిల్ల తట్టుకుంటుందా?"

నేను నోరు తెరవబోయాను. వల్లి నా చెయ్యి నొక్కి ఆపింది.

"కష్టమైతే మార్కు తగ్గించండి సార్," అంది. "గ్రూపు తగ్గించొద్దు."

మునిరత్నం తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. హెచ్చెమ్ కాగితం దగ్గరికి లాక్కుని, సైన్స్ గ్రూపు అని రాసి, కింద సంతకం పెట్టారు.

"ల్యాబు ఎప్పట్నించి సార్?" అని వల్లి అడిగింది.